రెండు పంక్తుల ఖాళీ

మా ఆఫీసులో నన్ను తేదీలమ్మ అంటారు. ఆ పేరు పెట్టినాయన రిటైరై వెళ్లిపోయాడు, పేరు మాత్రం నాకు అంటుకుని ఉండిపోయింది. పత్రికలో ఆరో పేజీ అడుగున, ఎడమ మూల, పంతొమ్మిది పంక్తుల చిన్న పెట్టె ఒకటి వస్తుంది. ఆ తేదీన పుట్టిన కళాకారులో, పోయిన కళాకారులో ఎవరో ఒకరి గురించి నాలుగు మంచి మాటలు అందులో ఉంటాయి. ఇరవై రెండేళ్లుగా ఆ పెట్టె నింపడమే నా ఉద్యోగం. బయట పాత్రికేయురాలినని చెప్పుకుంటాను కానీ, నిజానికి నాది పోయినవాళ్లకి హాజరు వేసే పని.

నా కుర్చీ వెనక ఒక ఇనుప బీరువా ఉంది. అందులో రోజుకొకటి చొప్పున మూడు వందల అరవై ఆరు అరలు. ఒక్కో అరలో ఆ తేదీ తాలూకు అట్టముక్కలు. పేరు, పుట్టిన తేదీ, పోయిన తేదీ, కింద రెండు ముక్కలు. తేదీల్లో తప్పు రాకూడదని నాకంటే ముందు పనిచేసినావిడ ప్రాణం పెట్టి రాసింది. చిక్కంతా ఆ కింది రెండు ముక్కలతోనే. 'అనేక శిల్పాలు చెక్కెను' అని ఉంటుంది. దాన్ని సాగదీసి పంతొమ్మిది పంక్తులు చెయ్యాలి. మా పత్రికలో ఏ పేజీలోనూ తెల్లచోటు కనపడకూడదన్నది స్థాపించినాయన నాటి నియమం. రాసినవాళ్లు తక్కువ రాస్తే పేజీ కూర్చేవాళ్లు తమకు తోచింది రాసి నింపాలి. వాళ్లకీ తోచకపోతే ఎడిటర్‌గారు కలం తీయాలి. తప్పు అచ్చయినా క్షమిస్తారు గానీ ఖాళీ అచ్చయితే క్షమించరు.

కథలు కట్టడం ఆ శిల్పితోనే మొదలైంది. ఆయన నూట పాతికో జయంతి. ఎంత లాగినా పదకొండు పంక్తులే వచ్చాయి. భోజనాల వేళ దాటిపోతోంది, ఆకలికి కళ్లు తిరుగుతున్నాయి. ఆ విసుగులో, ఈ శిల్పి ఏ బొమ్మకీ ఎడమ చెవి చెక్కలేదనీ, రాయికి రెండు చెవులూ ఇస్తే ఇంట్లో మాటలు వీధిలో చెబుతుందని ఆయనకి భయమనీ రాసి పారేశాను. చివర ఒక 'అట' తగిలించి చేతులు దులుపుకున్నాను.

మర్నాడు తిట్లు వస్తాయనుకుంటే మెచ్చుకుంటూ ఉత్తరాలు వచ్చాయి. పార్కులో తోటపని చేసే ఒకాయన, ఆ శిల్పి చెక్కిన బొమ్మని రోజూ కడుగుతున్నా ఇన్నేళ్లూ గమనించలేదనీ, మీరు చెప్పాక చూస్తే అక్షరాలా నిజమేననీ రాశాడు. నవ్వుకుని ఊరుకుంటే పోయేది. ఊరుకోలేక ఆఫీసయ్యాక పార్కుకి వెళ్లాను. ఎడమ చెవి ఉండాల్సినచోట నున్నటి రాయి ఉంది. విరిగిన గుర్తు లేదు. పక్కన జుట్టు పాయల్లో ఎంత నాచు పట్టిందో అక్కడా అంతే పట్టింది. చిన్నప్పుడు మా అన్నయ్య నన్ను ఆ బొమ్మ భుజాల మీద కూర్చోబెడితే, పడిపోకుండా దాని రెండు చెవులూ పట్టుకుని కూర్చునేదాన్ని. అది గుర్తొచ్చి ఆ నున్నటిచోట ఇంకోసారి తడిమి చూశాను. చిన్నపిల్ల జ్ఞాపకం ఏపాటిదిలే అని నాకు నేనే సర్దిచెప్పుకుని ఇంటికి వచ్చాను.

భయపడ్డ మనిషి మానెయ్యాలి కదా, నేను మానలేదు. ఉన్నమాట చెప్పాలంటే, బాగుంది. ఇరవై ఏళ్లు ఎవరూ చదవని పెట్టె నింపిన మనిషికి ఉత్తరాలు రావడమంటే మాటలా? ఎడిటర్‌గారైతే కోతికి కొబ్బరికాయ దొరికినంత సంబరపడ్డారు. తేదీలు నిజమైనవి, మనుషులు నిజమైనవాళ్లు, మిగతాదంతా నా పైత్యం. ఒక గాయకుడి వర్ధంతికి, ఆయన తన దగ్గుని పక్కింటివాళ్లకి అప్పగించి కచేరీలకు వెళ్లేవాడని రాశాను. ఒక చిత్రకారిణి శతజయంతికి, ఆవిడ గీసిన కిటికీల్లోంచి నిజంగానే చలిగాలి వచ్చేదని రాశాను. మ్యూజియం కాపలాదారు ఫోన్ చేసి, ఆ గదిలో ఎప్పుడూ స్వెట్టర్ వేసుకునే కూర్చుంటాం మేడమ్, మీకెలా తెలిసింది, అని అడిగాడు. ఎలా తెలిసిందో నాకు మాత్రం ఏం తెలుసు?

తర్వాత నాటకాలు రాసే పెద్దమనిషి వంతు వచ్చింది. ఆయన యాభయ్యో వర్ధంతికి, ఒకసారి ఖాళీ కుర్చీల కోసమే నాటకం వేయించాడనీ, మనుషులెవరినీ లోపలికి రానివ్వలేదనీ, ఆట అయ్యాక కుర్చీలు ఒక్కొక్కటే వెళ్లిపోయేదాకా తలుపు దగ్గర నిలబడి దండాలు పెట్టాడనీ రాశాను. వారం తిరక్కుండా ఒక ముసలాయన నా బల్ల దగ్గరికి వచ్చాడు. పాత థియేటర్లో గేటు దగ్గర పనిచేశాడట. జేబులోంచి పసుపురంగు టికెట్ తీసి నా ముందు పెట్టాడు. వరస, నంబరు ఉన్నాయి, కింద 'కుర్చీకి మాత్రమే' అని అచ్చువేసి ఉంది. యాభై ఏళ్లకు పైగా పర్సులో మడతపెట్టుకున్న టికెట్ ఎలా ఉండాలో అలాగే, మడతల దగ్గర అరిగిపోయి ఉంది. ఆ రోజు తలుపు తెరిచింది తనేననీ, కుర్చీలు చాలా మర్యాదగా వెళ్లాయనీ చెప్పి, మంచినీళ్లు తాగి వెళ్లిపోయాడు.

నన్ను నిజంగా హడలెత్తించింది ఆ టికెట్ కాదు, మా ప్రూఫ్ బాబాయ్. ప్రూఫులు దిద్దే ఆయన్ని ఆఫీసంతా బాబాయ్ అనే పిలుస్తుంది. తల్లీదండ్రీ లేని పిల్లల కోసం ఆ నాటకాల పెద్దమనిషి ఒక బడి పెట్టాడు, బాబాయ్ అందులోనే చదివాడు. టీ తాగినప్పుడల్లా ఆ బడి కథలే చెప్పేవాడు. వెలిసిపోయిన నల్లబల్ల, చలికాలంలో పిల్లల వేళ్లు తన అరచేతుల్లో పెట్టుకుని రుద్దే లెక్కల టీచరమ్మ, వాన పడితే అందరూ ఒకే బెంచీ మీదకి చేరడం. మాకందరికీ కంఠతా వచ్చేసింది. ఆ పెట్టె అచ్చయిన వారానికి, ఏదో మాటల్లో, మీ టీచరమ్మ అయితే ఇలా అనేది కదా బాబాయ్, అన్నాను. ఏ టీచరమ్మ, అన్నాడు. మీ బడిలో, అన్నాను. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"నేను బళ్లో చదవలేదమ్మా. ఎక్కడ చదివానో... ఇంట్లోనే అనుకుంటా. ఎవరు నేర్పారో మరి" అన్నాడు.

పక్క బల్లలవాళ్లని అడిగాను. ఎవరికీ ఆ బడి కథలు గుర్తులేవు. గ్రంథాలయంలో నాటకకర్త జీవితచరిత్ర తీశాను. బడి ఉండాల్సిన అధ్యాయంలో కుర్చీల నాటకం ఉంది, పేజీ నంబర్లు ఎక్కడా తెగలేదు. అప్పుడర్థమైంది. ఒకటి వస్తే ఒకటి పోతోంది. నేను కట్టింది కూర్చోవడానికి అక్కడున్న నిజం ఏదో లేచి చోటివ్వాలి. ఆ లేచి వెళ్లినదాన్ని గుర్తుంచుకునేది రాసినవాళ్లు ఒక్కళ్లే. సిగ్గేసింది. సవరణ రాశాను, ఆ బడి గురించి, టీచరమ్మ గురించి, ఉన్నది ఉన్నట్టుగా. ఇరవై రెండేళ్లలో మొదటిసారి పాఠకులు తిడుతూ రాశారు, ఎందుకమ్మా గొప్పవాళ్ల మీద లేనిపోని కట్టుకథలు, అని. బాబాయ్ ఆ ప్రూఫు దిద్దుతూ కథ బాగుందమ్మా అన్నాడు. ఆ రోజునుంచి కల్పన అన్నది ముట్టుకోనని ఒట్టు పెట్టుకున్నాను. ఉత్తరాలు ఆగిపోయాయి, ఎడిటర్‌గారు ముఖం ముడుచుకున్నారు. ముడుచుకోనీ అనుకున్నాను.

ఇక మా అన్నయ్య సంగతి. నిరుడు పోయాడు. రేడియోలో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేశాడు. పాడలేదు, నటించలేదు, నాటకాల్లో చప్పుళ్లు చేసేవాడు. రేకు పళ్లెంలో ఆవాలు దొర్లిస్తే వాన. కొబ్బరిచిప్పలు ఇసుకలో తాటిస్తే గుర్రం. బిస్కెట్ పొట్లం కాగితం నలిపితే ఇల్లు కాలిపోయేది. వాన నాటకం వచ్చినప్పుడు మా వీధిలో ఆడవాళ్లు ఆరేసిన బట్టలు తీసుకోవడానికి పరిగెత్తడం నేను కళ్లారా చూశాను. అట్టముక్క మీదకెక్కేంత పేరు మాత్రం రాలేదు.

చిన్నప్పుడు సైకిల్ మీంచి పడి అన్నయ్య ఎడమ మడమ దెబ్బతింది. నడిస్తే ఆ చెప్పు కొద్దిగా ఈడ్చుకుంటూ వచ్చేది. వాళ్లు ఉండేది రెండో అంతస్తులో, ఇరవై రెండు మెట్లు. పదహారో మెట్టు దగ్గర ఆగి ఊపిరి తీసుకునేవాడు. ఆ ఆగడం వినగానే వదిన లేచి పొయ్యి వెలిగించేది. స్టూడియోలో ఆ కుంటి నడక బయటపడనిచ్చేవాడు కాదు. రాజు నడిచినా, దొంగ నడిచినా, పెళ్లికూతురు నడిచినా అన్నయ్యే నడిచేవాడు, ఒక్కొక్కళ్ల నడక ఒక్కోలా. ఒక్క నాటకంలో మాత్రం, యుద్ధం నుంచి తిరిగొచ్చిన సిపాయి ఇంటి మెట్లెక్కేచోట, తన సొంత అడుగులు వేశాడు. ఆ క్యాసెట్ వదిన దగ్గరుంది. అన్నయ్య పోయాక రోజూ సాయంత్రం కూరలు తరుగుతూ పెట్టుకుంటుంది. గడపదాకా వచ్చే ఆ అడుగులు వినడానికే.

సంవత్సరీకం దగ్గరపడుతుంటే నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అడిగింది.

"పేపర్లో ఒక్కసారి మీ అన్నయ్య గురించి వేయించు. ఆయన చప్పుళ్లు ఇన్ని ఇళ్లలో విన్నారు. ఆ మనిషొకడు ఉన్నాడని ఒక్కళ్లకీ తెలీదు."

"తప్పకుండా వేయిస్తాను వదినా."

"నీ కథలు మాత్రం కట్టకు. నాకు ఆ అడుగుల చప్పుడొక్కటే మిగిలింది. ఉన్నది ఉన్నట్టు రాయి."

బీరువాలో చూస్తే ఆ తేదీ అర ఖాళీగా ఉంది. పుట్టినవాడూ లేడు, పోయినవాడూ లేడు. ఇలాంటి తేదీ వచ్చిందంటే ఎడిటర్‌గారికి తలనొప్పి, అందుకని అన్నయ్య పేరు చెప్పగానే సరేనన్నారు. కాస్త ఉప్పూకారం వెయ్యండి, ఉద్యోగం దరఖాస్తులా ఉంటే ఎవరు చదువుతారు, అని కూడా అన్నారు. వెయ్యలేదు. మూడు రోజులు కూర్చుని, గింజ కల్పన లేకుండా, పంతొమ్మిది పంక్తులు రాశాను. ఆవాలు, కొబ్బరిచిప్పలు, ముప్పై ఒక్క ఏళ్లు. 'రాజు నడిచినా దొంగ నడిచినా, నడిచింది ఆయనే' అన్న వాక్యం దగ్గర నాకే కళ్లు చెమ్మగిల్లాయి. దాని తర్వాత ఇంకో రెండు పంక్తులు, ఇంటి మెట్ల మీద ఆయన సొంత అడుగుల గురించి.

ఏళ్ల తరబడి సెలవు అడక్కుండా పనిచేసేదాన్ని, అన్నయ్య సంవత్సరీకానికి రెండు రోజులు తీసుకున్నాను. బయలుదేరబోతూ కాగితం ఇంకోసారి చదివాను. ఆ చివరి రెండు పంక్తులు చూస్తే మనసొప్పలేదు. ఆ మెట్లు, ఆ మడమ, ఆ పొయ్యి వెలిగించడం, అవి వదినవి. ఊరందరూ పొద్దున్నే కాఫీ తాగుతూ చదివి, సాయంత్రానికి పొట్లాలు కట్టే కాగితంలో ఎందుకు? ఒక్క గీతతో కొట్టేశాను. మంచిపని చేశానన్న తృప్తితో కాగితం పేజీ కూర్చేవాళ్ల గంపలో వేసి, బస్సు అందుకోవాలని పరిగెత్తాను. తిరిగి పంక్తులు లెక్కపెట్టలేదు. పదిహేడే ఉన్నాయి.

ఆ రోజు పొద్దున వదిన వంటింట్లో నిలబడి పత్రిక పైకి చదివింది. వదిన గొంతు బాగుంటుంది. పళ్లెంలో ఆవాల దగ్గర నవ్వింది. రాజు, దొంగ దగ్గర ఆగి కళ్లు తుడుచుకుంది. అక్కడితో అయిపోయిందని నేను కాఫీ గ్లాసు అందుకోబోయాను. వదిన ఇంకా చదువుతోంది.

"అందరికీ ఇచ్చీ ఇచ్చీ ఆయన సొంత అడుగుల చప్పుడంతా అయిపోయిందట. చివరి ఇరవై ఏళ్లు ఇంటికి ఎప్పుడు వచ్చాడో భార్యకు కూడా వినిపించేది కాదట."

వదిన పత్రిక మడిచి గుండెకి ఆనించుకుంది. ముఖంలో కోపం లేదు. అంత ప్రశాంతంగా వదినని ఏడాదిగా చూడలేదు.

"ఇది నీకెలా తెలిసింది? నేనెవరికీ చెప్పలేదే. పిల్లిలా వచ్చేవారు. వెనక్కి తిరిగితే ఉండేవారు. ఎన్ని గిన్నెలు జారవిడిచానో" అంది.

నేను వెళ్లి క్యాసెట్ పెట్టాను. గడియారం టిక్కుటిక్కుమంది. ఎక్కడో కుక్క మొరిగింది. తర్వాత అడుగులు రావాలి. రాలేదు. టేపు చెడిపోలేదు, గడియారం మానకుండా కొట్టుకుంటూనే ఉంది, గదిలో గాలి కూడా వినిపిస్తోంది. ఆ గాలిలో ఎవరో మెట్లెక్కడానికి పట్టేంత సేపు ఏమీ లేదు. సరిగ్గా ఊపిరి తీసుకునేందుకు ఆగేంత సేపు కూడా ఆగి, మళ్లీ ఏమీ లేదు. తలుపు కిర్రుమంది. వచ్చావా, అని నటి ఏడ్చింది. వదిన తల ఆడిస్తూ, ఈ నిశ్శబ్దం చూశావా, ఇది చెయ్యడం ఇంకెవరి తరం, అంది.

సెలవు వదిలేసి ఆఫీసుకి పరిగెత్తాను. పేజీలు కూర్చే ఆవిడ నాకంటే పదేళ్లు చిన్నది, నెమ్మదస్తురాలు, నా పెట్టె రోజూ కత్తిరించి దాచుకునే ఏకైక మనిషి. నన్ను చూడగానే కుర్చీ జరిపింది.

"రెండు పంక్తులు తగ్గాయక్కా. మీరు సెలవులో ఉన్నారు, మీ అన్నగారి రోజాయె, ఎడిటర్‌గారి చేతికి ఇవ్వబుద్ధి కాలేదు. మీరెలా రాస్తారో అలాగే రాశాను. బాగాలేదా?"

ఏమని తిట్టను? విద్య నాది, నియమం ఆఫీసుది, ఖాళీ నేను వదిలింది. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. బాగుందన్నాను. అన్నయ్య ఎలా నడిచేవాడో నీకు తెలుసా, అని అడిగాను. నేనెప్పుడూ చూడలేదు కదక్కా, అంది. రాసినవాళ్లకే మిగులుతుంది. ఈసారి రాసిన మనిషి దగ్గర మిగలడానికి ఏమీ లేదు.

మరి నా దగ్గరైనా మిగిలిందా? కళ్లు మూసుకుని అన్నయ్యని మెట్లెక్కించబోయాను. పొద్దున వదిన ఇంట్లో, క్యాసెట్‌లో అడుగులు లేవని తెలుసుకోగలిగానంటే అప్పటికి నా చెవిలో ఉన్నట్టే. ఇప్పుడు అన్నయ్య ముఖం కనిపిస్తోంది, చొక్కా కనిపిస్తోంది, చేతిసంచీ కనిపిస్తోంది. మెట్లెక్కుతున్నాడు, చప్పుడు లేదు. దూదిమీద నడిచినట్టు వస్తున్నాడు. ఆపెయ్యమని అరవాలనిపించింది.

అచ్చయిపోయిన కాగితాలు గుచ్చే మేకు దగ్గరికి వెళ్లి వెతికాను. నా కాగితం పైనే ఉంది. కొట్టేసిన రెండు పంక్తులు గీత కిందనుంచి చదవడానికి వీలుగానే ఉన్నాయి. మడమ దెబ్బతిన్న ఎడమ కాలి చెప్పు ఈడ్చుకుంటూ వచ్చేవాడు. పదహారో మెట్టు దగ్గర ఆగేవాడు. అది వినే భార్య పొయ్యి వెలిగించేది. చదువుతుంటే ముచ్చటగా ఉంది, ఎవరో తెలియని మనిషి సంగతిలా. దేవుడి సాక్షిగా చెబుతున్నాను, ఆ క్షణాన అది నా జ్ఞాపకమో, ఆకలివేళ నేను కట్టిన ఇంకో కథో నాకు తెలియలేదు. దస్తూరీ రెంటికీ ఒకటే. ఇప్పుడు నేను పైన చెప్పిన మడమ సంగతి కూడా ఆ కాగితం చూసి చెప్పిందే.

సాయంత్రం వదిన ఇంటికి తిరిగి వెళ్లాను. మెట్ల కింద నిలబడి కాగితం ఇంకోసారి చదువుకున్నాను. అన్నయ్య ముప్పై ఒక్క ఏళ్లు అందరి కోసం నడిచాడు, ఆయన కోసం నడవడానికి ఇంకెవరూ లేరు. ఎడమ చెప్పు వదులు చేసుకుని, కాగితంలో ఉన్నట్టే మడమ ఈడుస్తూ ఎక్కడం మొదలుపెట్టాను. మొదట్లో తప్పుగా పడింది, మళ్లీ కిందికి దిగి మళ్లీ ఎక్కాను. ఐదో మెట్టుకి వరస కుదిరింది. ఒక అడుగు, ఒక ఈడ్పు. పదహారో మెట్టు దగ్గర ఆగాను, ఊపిరి తీసుకున్నాను, పైన పొయ్యి వెలిగే చప్పుడు కోసం చెవులు రిక్కించాను. ఒక్కసారి గుర్తుపట్టు వదినా, నాకేం వద్దు, అని మొక్కుకున్నాను. పైన కుర్చీ జరిగింది. గబగబా ఎవరో లేచిన చప్పుడు. మిగిలిన ఆరు మెట్లూ అలాగే ఈడుస్తూ ఎక్కాను.

వదిన తలుపు తీసి నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

"నువ్వా! హడలిపోయాను. ఈ మెట్ల మీద ఇలాంటి చప్పుడు నేనెప్పుడూ వినలేదు. కాలికేమైందే?"

బెణికిందనుకుంది. చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లి, మంచం మీద కూర్చోబెట్టి, నూనె వెచ్చచేసి తెచ్చింది. నేల మీద కూర్చుని నా ఎడమ మడమ ఒళ్లో పెట్టుకుని మెల్లగా రుద్దడం మొదలుపెట్టింది. ఏ దెబ్బా తగలని కాలు చాపుకుని నేను ఏడ్చాను. బాగా నొప్పిగా ఉందా, అని అడిగింది. ఉందన్నాను.